టీకా మందు పుట్టుక – గుర్రపు మశూచి

మశూచికం అనే పేరు నేటి విద్యార్థులకు పుస్తకాలలో మాత్రమే కనిపిస్తుంది. రెండు మూడు తరాల క్రితం పరిస్థితి వేరు. తెలుగు పల్లెలలో ఆ వ్యాధి పేరును పైకి ఉచ్చరించడానికే జనం జంకేవారు. 'అమ్మవారు పోసింది', 'పెద్దమ్మవారు వచ్చింది' అని గౌరవంగా, భయంగా చెప్పుకొనేవారు. వ్యాధి సోకిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఊరి పొలిమేరలోని పోలేరమ్మకు కొలువులు చేసేవారు. వ్యాధి తీవ్రరూపం సోకినవారిలో నూటికి ముప్పై మంది వరకు మరణించేవారు. బ్రతికి బయటపడినవారికి ముఖం నిండా గుంటలు మిగిలేవి. కొందరికి కంటిచూపు పోయేది. అంతటి వ్యాధి భూమండలం నుంచి పూర్తిగా తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సభ 1980 మే 8న ప్రకటించింది. మానవుడు సంపూర్ణంగా నిర్మూలించిన మానవ వ్యాధి ఇప్పటికి ఇదొక్కటే.

ఈ విజయానికి కారణం టీకా మందు. అయితే ఆ మందులో ఉన్నది ఏమిటి? మశూచి వైరస్ అందులో లేదు. దానికి దగ్గరి బంధువైన మరొక సజీవ వైరస్ ఉండేది. దాని పేరు 'వాక్సీనియా'. లాటిన్ భాషలో 'వాక్కా' అంటే ఆవు. ఆంగ్లంలో టీకా మందును 'వాక్సీన్' అనడానికి మూలం కూడా ఆ మాటే. ఆవు పొదుగు మీది పొక్కుల నుంచి టీకా మందు పుట్టిందని పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా చెబుతూ వచ్చాయి. అది అసత్యం కాదు గాని, సంపూర్ణ సత్యమూ కాదు. టీకా మందులోని వైరస్‌కు ఇప్పటివరకు తెలిసినవాటిలో అతి దగ్గరి బంధువు ఆవులో లేదు, గుర్రంలో ఉన్నది. ఈ సంగతి నిర్ధారణ కావడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

వైరస్‌లను శాస్త్రజ్ఞులు కుటుంబాలుగా, ప్రజాతులుగా, జాతులుగా వర్గీకరిస్తారు. చర్మం మీద పొక్కులు కలిగించే వైరస్‌లలో 'ఆర్థోపాక్స్ వైరస్' అనేది ఒక ప్రజాతి. మనుషుల మశూచి, గోమశూచి, గుర్రపు మశూచి, ఒంటె మశూచి, ఎలుకలను పీడించే మశూచి, ఇటీవల ఎంపాక్స్ అని పిలుస్తున్న వ్యాధి – వీటన్నిటి కారకాలూ ఈ ప్రజాతికి చెందినవే. ఇవి వైరస్‌లలో చాలా పెద్దవి. ఒక్కొక్క దాని జన్యుపదార్థం దాదాపు రెండు లక్షల జన్యు అక్షరాల పొడవు గల డి.ఎన్.ఎ. పోగు. ఆ అక్షరాలలో అధికభాగం అన్నిటికీ సమానం. అందుచేత వీటిలో ఒకదానిని ఎదుర్కొన్న శరీరం మిగిలినవాటిని కూడా చాలావరకు గుర్తుపట్టగలుగుతుంది. టీకా మందు పనిచేయడానికి ఆధారం ఈ పోలికే.

గుర్రపు మశూచి సాధారణంగా ప్రాణం తీసే వ్యాధి కాదు. గుర్రపు పెదవుల మీద, మూతి చుట్టూ, నోటిలోపల, గిట్టలకు పైనుండే మడమ భాగంలో మొదట చిన్న గట్టి బుడిపెలు లేస్తాయి. అవి నీటిపొక్కులై, చీము పట్టి, పగిలి, చివరకు పక్కు కట్టి రాలిపోతాయి. నోటిలో పుండ్లు పడినప్పుడు గుర్రం మేత ముట్టదు, చొల్లు కారుస్తుంది. మడమల మీద పుండ్లు లేచినప్పుడు కుంటుతుంది. కొన్ని వారాలలో తగ్గిపోతుంది. ప్రయాణానికి, సేద్యానికి, యుద్ధానికి గుర్రమే ఆధారమైన కాలంలో ఐరోపా అశ్వశాలలలో ఈ వ్యాధి పరిచితమైనదే. కాని గుర్రపు కాళ్ళకు వచ్చే చర్మవ్యాధులు అనేకం. తేమ, బురద, బాక్టీరియా వల్ల కలిగే పుండ్లను, మశూచి పొక్కులను జనం వేరుచేయలేక అన్నిటినీ కలిపి 'గ్రీజ్' అనే ఒకే పేరుతో పిలిచేవారు. ఒకే పేరు క్రింద వేర్వేరు వ్యాధులు ఉండడమే తరువాతి వివాదానికి బీజమైంది.

ఇంగ్లండ్‌లో గ్లౌస్టర్‌షైర్ మండలంలోని బర్క్‌లీ అనే చిన్న ఊరిలో ఎడ్వర్డ్ జెన్నర్ వైద్యుడు. ఆయన 1749లో జన్మించాడు. పాలు పితికే స్త్రీలకు ఆవుల నుంచి చేతులకు పొక్కులు అంటుకోవడం, అలా అంటుకున్నవారికి తరువాత మశూచి రాకపోవడం ఆ ప్రాంతపు రైతులకు తెలిసిన విషయమే. జెన్నర్ ఆ జనశ్రుతిని పరీక్షకు పెట్టాడు. 1796 మే 14న సారా నెల్మ్స్ అనే స్త్రీ చేతి మీది పొక్కు నుంచి రసి తీసి, జేమ్స్ ఫిప్స్ అనే ఎనిమిదేళ్ళ బాలుడి చేతికి గాటు పెట్టి ఎక్కించాడు. ఆరు వారాల తరువాత ఆ బాలుడికి అసలు మశూచి రసినే ఎక్కించి చూశాడు. వ్యాధి రాలేదు. ఒక పసివాడి మీద ఇటువంటి పరీక్ష చేయడానికి నేటి వైద్యనీతి అంగీకరించదు. అయితే మశూచి రసిని తక్కువ మోతాదులో ఎక్కించే పద్ధతి ఆనాటికే ఐరోపాలోనూ, మన దేశంలో ముఖ్యంగా బెంగాల్ ప్రాంతంలోనూ వాడుకలో ఉన్నదని గుర్తుంచుకోవాలి.

జెన్నర్ 1798లో తన పరిశీలనలను గ్రంథంగా ప్రచురించాడు. ఆవు పేరుతో ప్రసిద్ధమైన ఆ గ్రంథం మొదటి పుటలలోనే గుర్రం ప్రస్తావన వస్తుంది. ఆయన తర్కం ఇది. గ్లౌస్టర్‌షైర్ పాడిశాలలలో పాలు పితికే పని స్త్రీలతోపాటు పురుషులూ చేస్తారు. ఆ పురుషులే గుర్రాల మడమల పుండ్లు కడిగి మందు రాస్తారు. చేతులు సరిగా శుభ్రపరచుకోకుండా వెళ్ళి ఆవు పొదుగు పట్టుకుంటారు. పొక్కుల వ్యాధి గుర్రం నుంచి మనిషి చేతికి, మనిషి చేతి నుంచి ఆవుకు, ఆవు నుంచి పాలు పితికే స్త్రీకి చేరుతున్నది. స్త్రీలే పాలు పితికే చోట్ల, గుర్రాల జోలికి పోని చోట్ల గోమశూచి కనిపించదని ఆయన వాదించాడు. గుర్రాలకు లాడాలు కొట్టేవారిలో కొందరికి మశూచి రసి ఎక్కించినా వ్యాధి సరిగా పట్టకపోవడం కూడా ఆయన దృష్టికి వచ్చింది. అయినా గుర్రపు రసి నేరుగా ఎక్కిస్తే రక్షణ నిలకడగా ఉండదనీ, అది ఆవు శరీరం గుండా ప్రయాణించిన తరువాతనే పూర్తి బలం పొందుతుందనీ ఆయన మొదట భావించాడు.

ఈ వాదనలో సగం నిజం, సగం పొరపాటు ఉన్నాయి. గుర్రాలు లేని చోట కూడా గోమశూచి కనిపించింది. లండన్ వైద్యులు గ్రీజ్ పట్టిన గుర్రాల పుండ్ల నుంచి రసి తెచ్చి పరీక్షించారు, ఫలితం కనిపించలేదు. వారు తెచ్చినది వేరే చర్మవ్యాధి రసి అయి ఉండవచ్చునన్న ఊహ అప్పట్లో చాలామందికి తట్టలేదు. గ్రామీణుల మాట నమ్మి జెన్నర్ తప్పుదారి పట్టాడని విమర్శకులు తేల్చారు. మిత్రులు సైతం గుర్రం సంగతి వదిలిపెట్టమని సలహా ఇచ్చారు. గుర్రపు కాలి పుండు నుంచి తీసిన రసి అంటే జనం అసహ్యించుకుంటారన్న భయం కూడా ఇందుకు తోడయింది. పాలిచ్చే ఆవు మీద ఉండే ఆదరం పుండ్లుపడిన గుర్రపు మడమ మీద ఎవరికి ఉంటుంది?

అయినా గుర్రాన్ని అందరూ మరచిపోలేదు. 1801లో యార్క్‌షైర్‌కు చెందిన జాన్ లాయ్ అనే వైద్యుడు గ్రీజ్ అనే పేరు క్రింద రెండు రకాల వ్యాధులున్నాయని గుర్తించాడు. వాటిలో ఒక రకపు రసి ఆవు ప్రమేయం లేకుండానే మశూచి నుంచి రక్షణ ఇస్తుందని చూపించాడు. ఇటలీలోని మిలాన్ నగరంలో లూయిజి సక్కో మొదట విఫలుడై, తరువాత గుర్రపు రసితో పసివారికి విజయవంతంగా టీకాలు వేశాడు. జెన్నర్ కూడా చివరికి తన అభిప్రాయం సవరించుకొని 1813, 1817 సంవత్సరాలలో గుర్రం నుంచి వచ్చిన రసిని స్వయంగా వాడాడు, ఇతరులకు పంచిపెట్టాడు. ఫ్రాన్స్‌లో 1860లో తూలూజ్ సమీపాన గుర్రాలలో పొక్కుల వ్యాధి వ్యాపించినప్పుడు అక్కడి పశువైద్యులు ఆ రసిని ఆవుకు ఎక్కించి గోమశూచి వంటి పొక్కులు తెప్పించారు. 1863లో ఆల్ఫోర్ పశువైద్య విద్యాలయంలో బూలే అనే ఆచార్యుడు దీనిని గ్రీజ్ నుంచి స్పష్టంగా వేరుచేసి 'గుర్రపు మశూచి' అనే పేరు స్థిరపరచాడు.

అప్పట్లో టీకా మందు సీసాలలో నిల్వ ఉండేది కాదు. ఒక పిల్లవాడి చేతి పొక్కు పండిన ఎనిమిదో రోజు ప్రాంతంలో దాని రసి తీసి మరొక పిల్లవాడి చేతికి ఎక్కించేవారు. ఆ గొలుసు ఎక్కడ తెగినా మందు అంతరించినట్టే. 1803లో స్పెయిన్ ప్రభుత్వం అమెరికా ఖండంలోని తన వలసలకు టీకా పంపదలచి 22 మంది అనాథ బాలురను ఓడ ఎక్కించింది. దారి పొడవునా ఇద్దరేసి పిల్లలకు వరుసగా టీకా వేస్తూ వైరస్‌ను సజీవంగా సముద్రం దాటించారు. ఆ బాలుర అనుమతి ఎవరూ అడగలేదు.

భారతదేశానికి టీకా వచ్చిన దారి కూడా ఇటువంటిదే. వియన్నాలోని వైద్యుడు జాన్ ద కారో, లొంబార్డీ ఆవుల నుంచి సక్కో సేకరించిన రసిని కాన్‌స్టాంటినోపుల్ మీదుగా బాగ్దాద్‌కు పంపాడు. అక్కడ నుంచి బాస్రాకు, బాస్రా నుంచి ఓడలో బొంబాయికి అది చేరింది. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ బాలిక మన దేశంలో మొదటి టీకా పొందింది. ఆ ఒక్క పాప చేతి పొక్కు నుంచి తీసిన రసియే క్రమంగా పూనా, సూరత్, హైదరాబాదు, మద్రాసు నగరాలకు వ్యాపించింది. హైదరాబాదు రాజ్యంలోనూ, మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలలోనూ టీకా ఆనాడు ఇలా ప్రవేశించింది. ఒక చిన్న విశేషం చెప్పుకోవచ్చు. ఉత్తరాది భాషలలో 'టీకా' అంటే తిలకం, బొట్టు. చేతి మీద పెట్టే గుర్తుకు ఆ పేరు కుదిరింది. ఐరోపా భాషలు మందు పేరులో ఆవును పెట్టుకున్నాయి; తెలుగువారు వాడే మాటలో ఆవూ లేదు, గుర్రమూ లేదు.

చేతి నుంచి చేతికి ఎక్కించే పద్ధతిలో పెద్ద ప్రమాదం ఉండేది. ఒకరి రక్తంలోని ఇతర వ్యాధులు మరొకరికి సోకేవి. 1861లో ఇటలీలోని రివాల్టా గ్రామంలో టీకా ద్వారా అనేకమంది పసివారికి సవాయి రోగం అంటుకుంది. అందుచేత పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో దూడల చర్మం మీద రసిని పెంచే పద్ధతి దేశదేశాలలో వ్యాపించింది. దూడ మీద పెంచడం వల్ల అందులోని వైరస్ కూడా ఆవుదే అన్న నమ్మకం మరింత బలపడింది. నేల ఏదైనా అందులో మొలిచేది వేసిన విత్తనమే. కాని ఆ విత్తనం మొదట ఎక్కడిదో చెప్పగల లెక్కలు అప్పటికే చెల్లాచెదరయ్యాయి. వేర్వేరు ఊళ్ళ రసులు, ఆవువీ గుర్రంవీ కలగలిసిపోయాయి.

ఈ నమ్మకానికి తొలి దెబ్బ 1939లో తగిలింది. అలన్ డౌనీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు టీకా మందులోని వైరస్‌ను, అప్పుడే ఆవుల నుంచి సేకరించిన గోమశూచి వైరస్‌ను పక్కపక్కన పెట్టి పరీక్షించాడు. రెండూ ఒకటి కావని తేలింది. అయితే టీకాలోని వైరస్ ఎక్కడ నుంచి వచ్చినట్టు? ప్రకృతిలో ఏ జంతువులోనూ దాని సహజస్థానం కనబడలేదు. మశూచీ గోమశూచీ కలిసి పుట్టిన సంకరమని కొందరు, ప్రయోగశాలలలో మారిపోయిన గోమశూచి అని మరికొందరు ఊహించారు. లివర్‌పూల్‌కు చెందిన డెరిక్ బాక్స్‌బీ 1981లో ప్రచురించిన గ్రంథంలో పాత దస్తావేజులను శ్రద్ధగా పరిశీలించి, వాక్సీనియా అనేది ఐరోపా అశ్వశాలల నుంచి మాయమైన గుర్రపు మశూచికి మిగిలిన రూపమై ఉండవచ్చునని ప్రతిపాదించాడు. అప్పటికి అది కేవలం ప్రతిపాదన.

దానికి బలమిచ్చే ఆధారం మంగోలియా నుంచి వచ్చింది. 1976లో అక్కడ వ్యాధిగ్రస్తమైన గుర్రాల నుంచి సేకరించిన ఒక వైరస్ ప్రయోగశాలలో భద్రంగా ఉన్నది. 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు దాని జన్యుక్రమాన్ని పూర్తిగా చదివారు. సుమారు 2,12,000 అక్షరాల పొడవున్న ఆ క్రమం గోమశూచి కంటె టీకా వైరస్‌కే ఎంతో దగ్గరగా ఉన్నది. పైగా టీకా వైరస్‌లలో లోపించిన కొన్ని జన్యుభాగాలు అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి. తరతరాలుగా కృత్రిమంగా పెంచే క్రమంలో టీకా వైరస్ తనకు అవసరం లేని భాగాలను రాల్చివేసి ఉంటుందని దీనివల్ల ఊహించవచ్చు. 2017లో మరొక సాక్ష్యం లభించింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన మల్ఫర్డ్ కంపెనీ 1902లో తయారుచేసిన టీకా మందును బ్రెజిల్, జర్మనీ పరిశోధకులు విశ్లేషించారు. ఆ వైరస్ మధ్యభాగపు జన్యుక్రమం గుర్రపు మశూచితో నూటికి 99.7 పాళ్ళు సరిపోయింది. నూటపదిహేనేళ్ళనాటి మందు తన వంశవృక్షాన్ని తానే చెప్పినట్టయింది.

అంతమాత్రాన ఆవును పూర్తిగా కొట్టివేయడం న్యాయం కాదు. సారా నెల్మ్స్ చేతి పొక్కులో ఏ వైరస్ ఉన్నదో నేడు పరీక్షించడానికి వీలులేదు. ఆ రసి మిగలలేదు. జెన్నర్ అనుమానించినట్టు గుర్రపు వైరసే ఆ ఆవుకు సోకి ఉండవచ్చు. నిజమైన గోమశూచి కూడా అయి ఉండవచ్చు. గుర్రానికి సైతం ఈ వైరస్ మరొక ప్రాణి నుంచి సోకి ఉంటుందని, ఎలుకజాతి జంతువులే ఈ ప్రజాతిలోని చాలా వైరస్‌లకు సహజమైన ఆశ్రయమని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. మంగోలియా సేకరణ తరువాత ఆ వైరస్ గుర్రాలలో మళ్ళీ దొరికిన దాఖలా లేదు.

కాని అది ప్రయోగశాలలో మళ్ళీ పుట్టింది. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఇవాన్స్, ర్యాన్ నోయ్స్ అనే పరిశోధకులు గుర్రపు మశూచి జన్యుక్రమాన్ని పది ముక్కలుగా విభజించి, కృత్రిమ డి.ఎన్.ఎ. తయారుచేసే సంస్థ నుంచి తెప్పించుకొని, వాటిని జోడించి సజీవ వైరస్‌ను సృష్టించారు. ఖర్చు సుమారు లక్ష డాలర్లు. ఫలితాలు 2018 జనవరిలో ప్రచురితమయ్యాయి. మరింత సురక్షితమైన టీకా తయారుచేయడం తమ ఉద్దేశమని వారు చెప్పారు. శాస్త్రలోకం కలవరపడింది. గుర్రపు మశూచి మనుషులకు పెద్ద ప్రమాదకారి కాదు. కాని దానిని నిర్మించిన పద్ధతిలోనే మనుషుల మశూచిని కూడా నిర్మించవచ్చు. దాని జన్యుక్రమం ఎప్పుడో ప్రచురితమయింది. అమెరికాలోని అట్లాంటాలో, రష్యాలోని కోల్త్సోవోలో ఉన్న రెండు ప్రయోగశాలలలో తప్ప మశూచి వైరస్ మరెక్కడా ఉండరాదన్న అంతర్జాతీయ నియమానికి ఇది పెద్ద సవాలు. తాళం వేసిన గదికి కాపలా కాస్తూ, తాళంచెవి నమూనాను బజారులో పెట్టినట్టున్నదీ పరిస్థితి.

మశూచి పోయిన తరువాత ఆ టీకాలు మానివేశారు. అందువల్ల 1980 తరువాత జన్మించినవారిలో అత్యధికులకు ఈ ప్రజాతి వైరస్‌ల నుంచి రక్షణ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనూ, తిరిగి 2024లోనూ అత్యవసర పరిస్థితిగా ప్రకటించిన ఎంపాక్స్ వ్యాప్తికి దోహదం చేసిన కారణాలలో ఇది ఒకటి. దాని నివారణకు నేడు ప్రధానంగా వాడుతున్న టీకా కూడా కోడిపిండ కణాలలో వందలసార్లు పెంచి బలహీనపరచిన వాక్సీనియాయే. అంటే, ఏదో ఒక అశ్వశాలలో మొదలైనదని భావిస్తున్న వంశం ఇంకా సేవచేస్తూనే ఉన్నది.

ఆ వంశంలోని మరికొన్ని శాఖలు పశువులలో తమంతట తాము నివసిస్తున్నాయి. బ్రెజిల్‌లో 1999లో పాడి ఆవుల పొదుగుల మీద, వాటిని పితికేవారి చేతుల మీద పొక్కులు కలిగించిన వైరస్ వాక్సీనియాయే అని తేలింది. మన దేశంలోని గేదెల మశూచి వైరస్ కూడా వాక్సీనియాకు అతి సన్నిహితమైనది. మహారాష్ట్రలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇది పలుమార్లు కనిపించింది. గేదె చన్నుల మీద, పొదుగు మీద, కొన్నిసార్లు తొడల మీద పొక్కులు లేస్తాయి. పాలదిగుబడి తగ్గుతుంది, పుండ్ల బాధకు గేదె చేపదు, తన్నుతుంది. పితికేవారి వ్రేళ్ళ మీద, ముంజేతుల మీద అవే పొక్కులు లేచి, జ్వరం, చంకలో బిళ్ళలు కడతాయి. గ్లౌస్టర్‌షైర్ పాడిశాలలలో జెన్నర్ చూసిన దృశ్యమే ఇది. పొక్కులు లేచిన గేదెను మంద నుంచి వేరుగా కట్టివేయాలనీ, దానిని అన్నిటికన్న చివర పితకాలనీ, ఒక గేదె నుంచి మరొక గేదె దగ్గరకు పోయే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలనీ పశువైద్యులు రైతులకు చెబుతున్నారు.